వెలుగు, నీడ, భయం: తొలినాటి జర్మన్ భయానక చిత్రాలు – ధర్మవరం ప్రాంతపు తోలుబొమ్మలాట

విషయక్రమం
1. లక్ష్యాలు
2. పరిచయం
3. చారిత్రక నేపథ్యం: యుద్ధానంతర జర్మనీ
4. మూడు చిత్రాలు, మూడు పద్ధతులు
5. తెర వెనుక దీపం: నిమ్మలకుంట తోలుబొమ్మలు
6. పోలికలు, తేడాలు
7. వారసత్వం
8. సినిమాను చారిత్రక సాక్ష్యంగా చదవడం
9. సారాంశం
10. కీలక పదాలు
11. నమూనా పరీక్షా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు
• మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలో భయానక చిత్రాలు వెలువడిన పరిస్థితులను వివరించగలుగుతారు.
• ఆ చిత్రాలలో వెలుగునీడలను వాడిన పద్ధతులను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఆ పద్ధతులను తోలుబొమ్మలాటతో పోల్చి, పోలికకూ ప్రభావానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక కళ వారసత్వంగా నిలవడానికి ఏమేమి అవసరమో చర్చించగలుగుతారు.

2. పరిచయం

చీకటి గదిలో ఒక దీపం, ఒక తెల్లగుడ్డ, రెంటికీ మధ్య ఒక చేయి ఉంటే చాలు, గుడ్డమీద రాక్షసుడు లేస్తాడు. చేతిని దీపానికి దగ్గరగా జరిపితే రాక్షసుడు పెరుగుతాడు. గుడ్డకు దగ్గరగా జరిపితే తగ్గుతాడు, అంచులు తేటపడతాయి. ఇది మనందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతే. ఈ చిన్న సంగతిని ఆధారం చేసుకొని 1920 దశకంలో జర్మనీ దర్శకులు ప్రపంచ సినిమా నడకనే మార్చారు. ఇదే సంగతిమీద ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కుటుంబాలు తరతరాలుగా జీవనం సాగించాయి.

మన అలంకారికులు భయానకాన్ని నవరసాలలో ఒకటిగా చెప్పారు. దాని స్థాయీభావం భయం. అయితే భయాన్ని ప్రేక్షకుడిలో పుట్టించడం ఎలా? భయంకరమైన వస్తువును పూర్తిగా చూపడం ఒక దారి. దానిని సగం దాచి, మిగతా సగాన్ని ప్రేక్షకుడి ఊహకు వదిలేయడం రెండవ దారి. నీడ ఈ రెండవ దారికి చెందిన సాధనం. నీడలో ఆకారం ఉంటుంది కాని ముఖం ఉండదు. కదలిక ఉంటుంది కాని కారణం కనిపించదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుంచి ఈ కోర్సు చదువుతున్నవారికి బెర్లిన్ దూరంగా అనిపించవచ్చు. అందుకే ఈ భాగంలో రెండు తెరలను పక్కపక్కన పెట్టి చూస్తాం. ఒకటి బెర్లిన్ తెర, రెండవది మీకు దగ్గరలోని తోలుబొమ్మల తెర. ఈ రెండింటినీ చూస్తున్నప్పుడు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: తెర వెనుక నిలబడి నీడలను ఆడించేవాడు ఎవరు, మనం అతన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

3. చారిత్రక నేపథ్యం: యుద్ధానంతర జర్మనీ

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–1918) జర్మనీ దాదాపు 20 లక్షలమంది సైనికులను కోల్పోయింది. 1918 నవంబరులో చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ పదవి వదిలి హాలెండుకు వెళ్ళిపోయాడు. గణతంత్రం ఏర్పడింది. దీనినే వైమార్ గణతంత్రం అంటారు. అదే కాలంలో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఇళ్ళను ఖాళీ చేసింది. 1919లో కుదిరిన వెర్సాయ్ సంధి జర్మనీపై భారమైన షరతులు మోపింది. 1923 నవంబరు నాటికి ఒక అమెరికన్ డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వవలసిన స్థితి వచ్చింది. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము ఒక రొట్టెకు కూడా చాలని రోజులవి.

ఇంత కష్టంలోనూ సినిమా పెరిగింది. దీనికి కారణాలున్నాయి. యుద్ధకాలంలో, 1916లో, విదేశీ చిత్రాల దిగుమతిని నిషేధించారు. దేశంలోని ప్రేక్షకులకు దేశంలోనే చిత్రాలు తీయవలసి వచ్చింది. 1917 డిసెంబరులో ప్రభుత్వ, సైనిక పెద్దల ప్రోత్సాహంతో ‘ఉఫా’ అనే పెద్ద చిత్రసంస్థ ఏర్పడింది. ద్రవ్యోల్బణంవల్ల జర్మన్ చిత్రాలు విదేశాలలో చవకగా అమ్ముడుపోయాయి. పైగా అవి మూకీలు. మధ్యలో వచ్చే రాతపలకలను మారిస్తే ఏ దేశంలోనైనా ఆడించవచ్చు.

భయానక కథలు యుద్ధం తరువాతే మొదలయ్యాయని అనుకోకూడదు. 1913లోనే ‘ప్రాగ్ విద్యార్థి’ అనే చిత్రం వచ్చింది. అందులో ఒక పేద విద్యార్థి తన అద్దంలోని ప్రతిబింబాన్ని అమ్ముకుంటాడు. పాల్ వేగెనర్ రెండు పాత్రలుగా ఒకే తెరమీద కనిపించాడు. ఫిల్ములో సగభాగాన్ని మూసి ఒకసారి, మిగతా సగాన్ని మూసి మరోసారి చిత్రీకరించడంవల్ల ఇది సాధ్యమైంది. మన పౌరాణిక, జానపద చిత్రాలలో ద్విపాత్రాభినయం చూసి ఆనందించినవారు ఈ కిటుకు వయసును గుర్తించాలి. అదే వేగెనర్ 1920లో ‘గోలెం’ తీశాడు. మట్టిబొమ్మకు ప్రాణం పోస్తే అది చేసినవాడిమీదే తిరగబడే కథ అది. దాని వీధులనూ ఇళ్ళనూ హాన్స్ పోల్జిగ్ అనే వాస్తుశిల్పి రూపొందించాడు. గోడలు మట్టిముద్దల్లా వంగి, బొమ్మను చేసిన మట్టితోనే ఊరినీ చేశారా అనిపిస్తాయి.

కాబట్టి యుద్ధం భయానక కథలను పుట్టించలేదు. వాటికి కొత్త ప్రేక్షకులను ఇచ్చింది. మరణాన్ని దగ్గరగా చూసినవారు, అధికారం చెప్పినట్టు నడిచి నష్టపోయినవారు ఇప్పుడు హాలులో కూర్చున్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) యుద్ధకాలపు దిగుమతి నిషేధం జర్మన్ సినిమాకు ఎలా తోడ్పడింది?
ఆ) ‘ప్రాగ్ విద్యార్థి’లో ఒకే నటుడు రెండు పాత్రలుగా ఎలా కనిపించాడు?

4. మూడు చిత్రాలు, మూడు పద్ధతులు

4.1 రంగుతో వేసిన నీడ: ‘డాక్టర్ కాలిగరి కేబినెట్’ (1920)

ఈ చిత్రం 1920 ఫిబ్రవరి 26న బెర్లిన్‌లో విడుదలైంది. దర్శకుడు రాబర్ట్ వీనె. కథ రాసినవారు కార్ల్ మాయర్, హాన్స్ యానోవిట్స్. ఒక తిరునాళ్ళలో డాక్టర్ కాలిగరి అనేవాడు గుడారం వేసి, పెట్టెలో పడుకోబెట్టిన చేజారే అనే నిద్రచారిని జనానికి చూపుతాడు. చేజారే భవిష్యత్తు చెబుతాడు. ఎంతకాలం బతుకుతానని అడిగిన యువకుడికి, తెల్లవారేదాకానే అని జవాబిస్తాడు. ఆ రాత్రే ఆ యువకుడు హత్యకు గురవుతాడు. హత్య చేసినది నిద్రచారి. చేయించినది అతని యజమాని.

ఈ చిత్రం గొప్పతనం రంగస్థలంలో ఉంది. హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమాన్, వాల్టర్ రోరిగ్ అనే ముగ్గురు కళాకారులు గుడ్డమీద, చెక్కమీద ఊరంతా చిత్రించారు. కిటికీలు వంకరగా ఉంటాయి. పొగగొట్టాలు పక్కకు ఒరిగి ఉంటాయి. ముఖ్యంగా గమనించవలసినది నీడలను. చాలాచోట్ల అవి దీపంవల్ల పడిన నీడలు కావు, కుంచెతో నేలమీద, గోడమీద వేసిన నీడలు. దీపం ఎక్కడున్నా అవి కదలవు. సహజంగా నీడ వెలుగును అనుసరిస్తుంది. ఇక్కడ నీడ ముందే నిర్ణయమై ఉంటుంది, మనిషి దానిలోకి నడిచి వస్తాడు. ఆ ఊళ్ళో ఎవరికీ తప్పించుకునే దారి లేదన్న భావం ఒక్క మాట లేకుండానే కలుగుతుంది. దీనిని ఎక్స్‌ప్రెషనిజం అంటారు. ఉన్నదాన్ని ఉన్నట్టు కాక, మనసుకు తోచినట్టు బయటికి చూపడమే దీని లక్షణం.

4.2 నిజమైన నీడ: ‘నోస్ఫెరాటు’ (1922)

ఎఫ్.డబ్ల్యు. ముర్నావ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1922 మార్చి 4న బెర్లిన్‌లో మొదటిసారి ప్రదర్శించబడింది. కాలిగరికి ఇది పూర్తిగా ఎదురుదారి. ముర్నావ్ రంగు వేసిన ఊరిని వదిలి, విస్మార్, ల్యూబెక్ వంటి నిజమైన పట్టణాలలోనూ, ఇప్పటి స్లొవాకియాలోని కొండలు, కోటల మధ్యా చిత్రీకరించాడు. నెత్తురు తాగే ఓర్లాక్ ప్రభువు పాత్రను మాక్స్ ష్రెక్ ధరించాడు.

అందరికీ గుర్తుండే దృశ్యం చివరిలో వస్తుంది. ఓర్లాక్ మెట్లెక్కుతున్నాడు. మనకు మనిషి కనబడడు, గోడమీద వంగిన వీపు, పొడుగాటి గోళ్ళు మాత్రమే పాకుతూ పైకి పోతాయి. గదిలో ఎల్లెన్ అనే యువతి ఉంది. చేతి నీడ ఆమె శరీరంమీదుగా జరిగి గుండెదగ్గర పిడికిలి బిగిస్తుంది. ఆమె నొప్పితో మెలిక తిరుగుతుంది. నీడకు బరువు లేదని మనకు తెలుసు. అయినా ఆ క్షణంలో నీడే గుండెను పిసికిందని నమ్ముతాం.

ఇంకో రెండు పద్ధతులు గమనించండి. అడవిలో బండి వెళ్ళే దృశ్యంలో నెగెటివ్ ఫిల్మునే చూపారు. చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా కనిపించి, లోకం తలకిందులైనట్టు ఉంటుంది. రాత్రి దృశ్యాలను పగటిపూట తీసి ప్రతులకు నీలిరంగు అద్దారు. ఆ రంగు లేని ప్రతులు చూసినవారికి రక్తపిశాచి పట్టపగలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. సూర్యకాంతి తగిలితే రక్తపిశాచి నశిస్తాడన్న సంగతి నేడు లోకమంతా తెలిసినదే. కాని అది బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాకులా’ నవలలో లేదు, ఈ చిత్రం చేర్చినది. వెలుగుతో ఆడుకునే కళకు వెలుగే ఆయుధం కావడం సహజమే.

4.3 అబద్ధం చెప్పే నీడ: ‘నీడలు’ (1923)

ఆర్థర్ రాబిసన్ తీసిన ఈ చిత్రం మన చర్చకు అన్నిటికంటే దగ్గరిది. ఒక ప్రభువు ఇంట్లో విందు జరుగుతోంది. అతనికి భార్యమీద అనుమానం. తెరచాటున చూస్తే అతిథుల చేతులు ఆమెను తాకుతున్నట్టు నీడలు పడతాయి. నిజానికి ఆ చేతులు ఆమెకు దూరంగానే ఉన్నాయి, దీపం ఉన్న కోణంవల్ల నీడలు కలిశాయి. భర్త నీడను నమ్మి మనిషిని అనుమానిస్తాడు.

ఆ ఇంటికి ఒక సంచార నీడబొమ్మలవాడు వస్తాడు. తెర కట్టి ఆట మొదలుపెట్టి, అతిథులను మైమరపించి, వారి అసూయ ఎక్కడికి దారితీస్తుందో వారికే చూపుతాడు. హత్య జరుగుతుంది, పగ తీరుతుంది. తరువాత వారు తేరుకుంటే అదంతా ఆట. జరగబోయే కీడును ముందే చూశారు కాబట్టి తప్పించుకున్నారు. కథనంతా దాదాపు రాతపలకలు లేకుండానే చెప్పారు. కాలిగరి కూడా తిరునాళ్ళలో ప్రదర్శన ఇచ్చేవాడే, కాని అతడు తన బొమ్మతో హత్య చేయించాడు. ఈ బొమ్మలవాడు హత్యను ఆపాడు. ఒకే విద్య రెండు చేతుల్లో రెండు రకాలుగా పనిచేసింది.

ఇదే కాలంలో లోట్టె రైనిగర్ అనే కళాకారిణి నల్ల అట్టను, పలుచని సీసపు రేకును కత్తెరతో కత్తిరించి, కీళ్ళు కట్టి, ఒక్కొక్క ఫ్రేముగా కదుపుతూ ‘రాకుమారుడు అహ్మద్ సాహసాలు’ (1926) తీసింది. మనకు దొరుకుతున్న పూర్తినిడివి యానిమేషన్ చిత్రాలలో అదే అతి పాతది. మాంత్రికుడు, మంత్రగత్తె పోరాడే ఘట్టంలో నీడబొమ్మలు ఒక జంతువునుంచి మరొక జంతువుగా మారిపోతూ ఉంటాయి.

కృత్యం: రాత్రి గదిలో ఒకే ఒక బల్బు వెలిగించి, ఎదురుగా తెల్లటి పంచె కట్టండి. చేతిని పంచెకు ఆనించి, తరువాత బల్బు దగ్గరకు తెచ్చి, ఆ తరువాత బల్బునే పక్కకు జరిపి చూడండి. నీడ పరిమాణంలో, అంచులలో, స్థానంలో వచ్చిన మార్పులను రాసుకోండి. పై మూడు చిత్రాలలో ఏ మార్పు ఎక్కడ పనికివచ్చిందో గుర్తించండి.

5. తెర వెనుక దీపం: నిమ్మలకుంట తోలుబొమ్మలు

పట్టుచీరలకు పేరుపొందిన ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడి తోలుబొమ్మల కుటుంబాలు ఇంట్లో మరాఠీకి దగ్గరైన మాట మాట్లాడుతూ, తెరమీద తెలుగు రామాయణ భారత కథలు ఆడుతూ వచ్చాయి. ఈ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

తెలుగునాట ఈ ఆట పాతది. 13వ శతాబ్దానికి చెందిన పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లో దీని ప్రస్తావన ఉంది. బొమ్మ తయారీకి ఎక్కువగా మేకతోలు వాడతారు. వెంట్రుకలు తీసి, గీకి, వెలుగు దూరేంత పలుచగా చేస్తారు. ఆకారం గీసి, నగల చోట, బట్టల అంచుల చోట చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. రెండువైపులా రంగు వేస్తారు. భుజం, మోచేయి, నడుము వంటి కీళ్ళ దగ్గర దారంతో కట్టి, నిలువు బద్దకు బిగిస్తారు. తెలుగు తోలుబొమ్మలు చాలా పెద్దవి. మనిషి ఎత్తుకు చేరువయ్యేవి కూడా ఉంటాయి.

పూర్వం తెర వెనుక ఆముదపు దీపాలు వెలిగేవి. తరువాత పెట్రోమాక్స్ లైట్లు, ఆపై కరెంటు బల్బులు వచ్చాయి. నూనెదీపపు మంట గాలికి కదులుతుంది. దాంతో తెరమీది బొమ్మ ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. బల్బు స్థిరమైన వెలుగునిస్తుంది కాని ఆ ఊపిరిని ఇవ్వలేదు. యుద్ధఘట్టం వస్తే ఆడించేవారు కాళ్ళకింది చెక్కలను ధనధన తొక్కుతారు. హార్మోనియం, మృదంగం, తాళాలు తోడవుతాయి. రావణుడు పది తలలతో తెరనిండా లేస్తే ముందు వరుసలోని పిల్లలు వెనక్కి జరుగుతారు. అంతలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు. భయాన్ని ఎంతసేపు నిలపాలో, ఎప్పుడు దించాలో తెలిసిన నిర్మాణం ఇది.

ఈ బొమ్మల రూపురేఖలకు చుట్టం లాంటిది మీకు మరోచోట కనిపిస్తుంది. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయం పైకప్పుమీద 16వ శతాబ్దపు చిత్రాలున్నాయి. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ ఈ ఆలయాన్ని కట్టించారని ప్రసిద్ధి. పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను, బట్టలమీది నిండైన అల్లికలు తోలుబొమ్మలను గుర్తుకు తెస్తాయి. 1565 యుద్ధం తరువాత పెనుకొండే రాజధాని అయింది. బొమ్మ గీసే ఒక పద్ధతి ఈ సీమలో గోడమీదా తోలుమీదా కూడా నిలిచిందని చెప్పవచ్చు.

లేపాక్షిలో ఒక భయానక కథ కూడా ఉంది. ఖజానా సొమ్ము వాడాడన్న నిందకు రాజు తన కళ్ళు తీయిస్తాడని తెలిసి, విరూపణ్ణ తానే కళ్ళు పీకి గోడకు విసిరాడని స్థానికులు చెబుతారు. గోడమీది ఎర్రటి మరకలను చూపుతారు. చరిత్ర విద్యార్థిగా మీరు దీనిని ఐతిహ్యంగా నమోదు చేయాలి. అది జరిగిందా అన్నది ఒక ప్రశ్న. రాజ్యాధికారం గురించి జనం ఇలాంటి కథను ఎందుకు నిలుపుకున్నారు అన్నది రెండవ ప్రశ్న. రెండవ ప్రశ్నే మనలను మళ్ళీ కాలిగరి దగ్గరకు తీసుకువెళ్తుంది. అక్కడా ప్రజలు అధికారాన్ని గురించిన భయాన్నే కథగా చూశారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) నూనెదీపానికీ కరెంటు బల్బుకూ తెరమీద కలిగే తేడా ఏమిటి?
ఆ) తోలుబొమ్మలాటలో హాస్యపాత్రలు భయానక రసానికి ఎలా ఉపయోగపడతాయి?

6. పోలికలు, తేడాలు

రెండు కళలకూ వస్తువు ఒకటే: వెలుగు, అడ్డు, తెర. రెండింటిలోనూ తక్కువ ఖర్చుతో పెద్ద ప్రపంచం కట్టారు. కాలిగరి ఊరు గుడ్డమీది రంగు, లంకానగరం మేకతోలుమీది రంగు. అయితే పోలిక వేరు, ప్రభావం వేరు. ఒకటి మరొకదానినుంచి వచ్చిందని చెప్పాలంటే, ఎవరు ఎప్పుడు ఎక్కడ చూశారో తెలిపే ఆధారం కావాలి. కేవలం రూపం కలిసినంతమాత్రాన ప్రభావం అనరాదు.

తేడాలు కూడా ముఖ్యమైనవే. మొదటిది రంగు. జర్మన్ నీడ నల్లనిది, వెలుగును పూర్తిగా ఆపుతుంది. తోలుబొమ్మ వెలుగును వడకట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చలుగా మనకు పంపుతుంది. కచ్చితంగా చెప్పాలంటే మనం చూసేది నీడను కాదు, రంగు దిద్దుకున్న వెలుగును. రెండవది కథ. లంకాదహనం ఎలా ముగుస్తుందో ప్రేక్షకుడికి ముందే తెలుసు. అందువల్ల భయం ఒక హద్దులో ఉంటుంది. కాలిగరి ప్రేక్షకుడికి తరువాత ఏమవుతుందో తెలియదు, చివరికి ఎవరిని నమ్మాలో కూడా తెలియదు. మూడవది ఆడించేవాడి స్థానం. తోలుబొమ్మలాటలో తెర వెనుక ఉన్నది ఊరికి తెలిసిన కుటుంబం. తెల్లవారితే వారే వచ్చి పలకరిస్తారు. జర్మన్ చిత్రాలలో తెర వెనుకవాడే భయానికి మూలం.

7. వారసత్వం

‘నోస్ఫెరాటు’ బతికి బయటపడటమే ఒక కథ. నవల హక్కులు తీసుకోకుండా తీసినందుకు స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ దావా వేసింది. ప్రతులన్నిటినీ నాశనం చేయాలని 1925లో జర్మన్ న్యాయస్థానం ఆదేశించింది. నిర్మాణసంస్థ అప్పటికే దివాలా తీసింది. కాని కొన్ని ప్రతులు దేశం దాటిపోయి ఉన్నాయి. వాటివల్లనే నేడు మనం ఆ చిత్రాన్ని చూడగలుగుతున్నాం. 1979లో వెర్నర్ హెర్జోగ్, 2024లో రాబర్ట్ ఎగర్స్ దానిని మళ్ళీ తీశారు.

కళాకారులు కూడా దేశాలు దాటారు. ‘గోలెం’కు ఛాయాగ్రహణం చేసిన కార్ల్ ఫ్రాయిండ్ అమెరికాకు వెళ్ళి ‘డ్రాకులా’ (1931)కు కెమెరా పట్టాడు, ‘మమ్మీ’ (1932)కి దర్శకత్వం వహించాడు. 1933లో నాజీలు అధికారానికి వచ్చాక యూదు కళాకారులూ, వారి సహచరులూ పెద్ద సంఖ్యలో వలసపోయారు. హాలీవుడ్ నేరచిత్రాలలో కిటికీ చట్రాల నీడలు, ఒంటిదీపపు గదులు వారి చేతి గుర్తులు.

భారతదేశానికి ఈ వెలుగు మరో దారిన వచ్చింది. మ్యూనిక్ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్, ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్ హిమాంశు రాయ్‌తో కలిసి 1925లో ‘లైట్ ఆఫ్ ఏషియా’ తీశారు. వాల్తేరులో 1908లో పుట్టిన దేవికారాణి బెర్లిన్‌లోని ఉఫా స్టూడియోలో శిక్షణ పొందింది. 1934లో బాంబే టాకీస్ ఏర్పడినప్పుడు ఆస్టెన్, విర్షింగ్ అక్కడ పనిచేశారు. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్లను నిర్బంధించింది. యుద్ధం ముగిశాక విర్షింగ్ తిరిగివచ్చి ‘మహల్’ (1949)కు ఛాయాగ్రహణం చేశాడు. పాడుబడిన భవనం, ఊగే దీపం, నీడల్లో కనిపించి మాయమయ్యే స్త్రీ వంటివి ఆ తరువాత ఎన్నో హిందీ, తెలుగు దెయ్యపు చిత్రాలకు మామూలు సామగ్రి అయ్యాయి.

తెలుగులో మాంత్రికుడి గుహ అనగానే అందరికీ గుర్తొచ్చేది ‘పాతాళభైరవి’ (1951). దాని దర్శకుడు కె.వి. రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రివాడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. కథానాయకుడు ఎన్.టి. రామారావు తరువాతి కాలంలో హిందూపురం శాసనసభ్యుడు అయ్యారు. అందులోని మాంత్రికుడి వెనుక జానపద కథలు, నాటకరంగం, బొమ్మలాటలు పెంచిన ప్రేక్షకుడి అలవాటు ఉంది. దానిని జర్మన్ వారసత్వమని తొందరపడి అనకూడదు. ఇక్కడి వారసత్వమే బలమైనది.

ఇక తోలుబొమ్మల సంగతి. సినిమా, ఆపై టీవీ, ఇప్పుడు ఫోను వచ్చాక తెల్లవార్లూ ఆట చూసే ఊళ్ళు తగ్గిపోయాయి. నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో, అవే ఉలులతో దీపపు గొడుగులు, గోడచిత్రాలు, తలుపు తెరలు చేసి అమ్ముతూ పని నిలుపుకున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇది చిన్న విజయం కాదు, చేతిపనికి కూలి దొరికింది. అయితే దీపపు గొడుగు బొమ్మను కాపాడుతుంది, ఆటను కాపాడదు. రావణుడు గొడుగుమీద కదలకుండా ఉంటాడు. అతనికి గొంతునిచ్చే పద్యం, అడుగునిచ్చే చెక్క, తడబాటునిచ్చే కేతిగాడు వేరేచోట, మనుషుల జ్ఞాపకంలో ఉన్నారు. ‘నోస్ఫెరాటు’ను ఒక్క ప్రతి దొరికినా మళ్ళీ చూడవచ్చు. ఆటకు అలాంటి ప్రతి లేదు. ఆడేవారే దాని ప్రతులు.

8. సినిమాను చారిత్రక సాక్ష్యంగా చదవడం

సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ 1947లో ‘కాలిగరి నుంచి హిట్లర్ దాకా’ అనే గ్రంథం ప్రచురించాడు. నిరంకుశుడికి లొంగే మనస్తత్వం జర్మన్లలో ముందే ఉందని, అది ఈ చిత్రాలలో బయటపడిందని అతని వాదం. కాలిగరి చిత్రం చివర ఒక మలుపు ఉంది. కథ చెబుతున్న యువకుడు పిచ్చాసుపత్రిలో ఉన్న రోగి అని, కాలిగరి అక్కడి వైద్యుడని తేలుతుంది. అధికారాన్ని నిందించిన కథను ఈ చట్రం తలకిందులు చేసిందని, రచయితలకు ఇష్టం లేకుండా దీనిని చేర్చారని యానోవిట్స్ చెప్పాడు. క్రకావర్ దానిని ఆధారంగా తీసుకున్నాడు. తరువాత నటుడు వెర్నర్ క్రౌస్ దగ్గరున్న స్క్రిప్టు ప్రతి వెలుగులోకి వచ్చింది. చూస్తే, రూపం వేరే అయినా, మొదటినుంచీ ఒక చట్రకథ ఉందని తెలిసింది. దీనివల్ల క్రకావర్ గ్రంథం విలువ పూర్తిగా పోలేదు. కాని ఒక వ్యక్తి జ్ఞాపకం, ఒక పత్రం ఎదురుపడినప్పుడు చరిత్రకారుడు ఎలా నడవాలో ఇది నేర్పుతుంది. జరిగిపోయిన ముగింపు తెలిసి వెనక్కి చదివితే అన్నీ దానికి సూచనలుగానే కనిపిస్తాయి. ఇది మీరు తప్పించుకోవలసిన పొరపాటు.

చిత్రం చెప్పనిదాన్ని నటుల జీవితాలు చెప్పాయి. కాలిగరి వేషం వేసిన వెర్నర్ క్రౌస్ నాజీల పాలనలో జర్మనీలోనే ఉండి, 1940లో యూదులపై ద్వేషాన్ని రెచ్చగొట్టిన ‘యూదు స్యూస్’ చిత్రంలో నటించాడు. యజమాని చెప్పినట్టు నడిచే నిద్రచారిగా నటించిన కాన్రాడ్ ఫైట్ 1933లో యూదు భార్యతో దేశం విడిచాడు. చివరికి హాలీవుడ్‌లో ‘కాసాబ్లాంకా’ (1942) వంటి నాజీ వ్యతిరేక చిత్రాలలో నాజీ అధికారి వేషాలు వేశాడు. పాత్రను బట్టి మనిషిని అంచనా వేయలేం.

భయానక చిత్రాలను మరో ప్రశ్నతో కూడా చదవాలి. భయానికి ఎవరి ముఖం తగిలిస్తున్నాం? వంకర ముక్కుతో, ఎలుకలతో, తూర్పునుంచి రోగం మోసుకువచ్చే ఓర్లాక్ రూపం ఆనాటి యూదు వ్యతిరేక బొమ్మలకు దగ్గరగా ఉందని కొందరు పరిశోధకులు చూపారు. ఆ చిత్ర రచయిత హెన్రిక్ గాలీన్, ముఖ్య నటుల్లో ఒకడైన అలెగ్జాండర్ గ్రానాక్ యూదులే అన్నది కూడా గమనించాలి. తీసినవారి ఉద్దేశం ఒకటి కావచ్చు, చూసినవారి చేతిలో ఆ రూపం మరొకటి కావచ్చు. దినపత్రికలోనో ఫోనులోనో ఎవరినైనా రాక్షసుడిగా చూపే బొమ్మ కనిపించినప్పుడు, దీపం ఎక్కడుంది, ఎవరు పట్టుకున్నారు అని అడగడం ఈ పాఠంలో మీరు నేర్చుకున్న పద్ధతే.

9. సారాంశం

యుద్ధంలో ఓడి, కరువులో ఉన్న జర్మనీలో దర్శకులు, చిత్రకారులు కొద్దిపాటి సాధనాలతో భయానక సినిమాకు భాషను ఏర్పరచారు. ‘కాలిగరి’ నీడను కుంచెతో వేసింది. ‘నోస్ఫెరాటు’ నీడకు బలం ఇచ్చింది. ‘నీడలు’ నీడ అబద్ధం చెప్పగలదనీ, నిజం చెప్పించగలదనీ చూపింది. ఇవే సూత్రాలు, రంగుల వెలుగుతో, నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో స్వతంత్రంగా ఉన్నాయి. జర్మన్ చిత్రాల వారసత్వం ప్రతులవల్ల, వలసపోయిన మనుషులవల్ల నిలిచింది. తోలుబొమ్మలాట వారసత్వం ఆడే కుటుంబాలమీద, కూర్చుని చూసే ప్రేక్షకులమీద ఆధారపడి ఉంది. ఆ ప్రేక్షకులలో మీరు కూడా ఉన్నారు.

10. కీలక పదాలు

మూకీ: మాటలు, ధ్వని లేకుండా తీసిన చిత్రం.
రాతపలక: మూకీలో దృశ్యాల మధ్య సంభాషణ లేదా వివరణ చూపే ఫ్రేము.
ఎక్స్‌ప్రెషనిజం: బాహ్యలోకాన్ని మనోభావానికి అనుగుణంగా వక్రీకరించి చూపే కళాధోరణి.
వైమార్ గణతంత్రం: 1918–1933 మధ్య జర్మనీలోని ప్రజాస్వామ్య వ్యవస్థ.
చట్రకథ: అసలు కథను చుట్టి ఉండే బయటి కథ.
ఐతిహ్యం: ప్రజలలో తరతరాలుగా చెప్పుకునే, పత్రాధారం లేని కథ.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. యుద్ధానంతర జర్మనీ పరిస్థితులకూ భయానక చిత్రాలకూ గల సంబంధాన్ని చర్చించండి.
2. జర్మన్ చిత్రాలలోని నీడకూ తోలుబొమ్మలాటలోని నీడకూ గల పోలికలు, తేడాలను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘నోస్ఫెరాటు’ ప్రతులు ఎలా నిలిచాయి?
2. క్రకావర్ వాదాన్ని, దానికి ఎదురైన ఆధారాన్ని తెలపండి.
3. “దీపపు గొడుగు బొమ్మను కాపాడుతుంది, ఆటను కాపాడదు.” మీ ప్రాంతంలోని మరొక కళను ఉదాహరణగా తీసుకొని ఈ మాటను పరిశీలించండి.